ఈస్టర్ దీవి పెద్దసారు

మా ఫకీర్ అహ్మద్ సారుకు ఉద్యోగం అయిపోయాక పట్టిన పిచ్చికి రోంగోరోంగో అని పేరు. అది ఒక లిపి పేరే కానీ, వినడానికి రోగంలా ఉంటుందని సఫియా బేగం అంటారు. ఆమె సారు భార్య. లక్షణాలన్నీ దగ్గరుండి చూసిన మనిషి కాబట్టి ఆమె మాటకు విలువివ్వాలి.

పసిఫిక్ సముద్రం మధ్యలో, ఏ దేశానికీ దగ్గర కాని చోట, ఈస్టర్ దీవి అని ఒకటుంది. అక్కడి మనుషులు ఒకప్పుడు చెక్క పలకల మీద చేపల్ని, పక్షుల్ని, చేతులెత్తిన మనుషుల్ని, నెలవంకల్ని బారులు బారులుగా చెక్కారు. తర్వాత ఓడల్లో వచ్చినవాళ్లు వాళ్లలో చాలామందిని పట్టుకుపోయారు. మిగిలినవాళ్లలో చాలామందిని రోగాలు పట్టుకుపోయాయి. చదవగలిగే మనుషులు అలా పోయాక, ఎవరూ చదవలేని పలకల్ని అద్దాల పెట్టెల్లో పెట్టి ప్రపంచం ఎంతో శ్రద్ధగా కాపాడుతోంది. ఆ శ్రద్ధ కాస్త ముందే పుట్టి ఉంటే సారుకు కాలక్షేపం ఉండేది కాదు.

ఆ పలకల్లో ఒకదాని మీద నెలవంకల వరుస ఉంది. అది చంద్రుడి రాత్రుల లెక్క అని పండితులు చాలావరకు ఒప్పుకున్నారు. చదివి ఒప్పుకోలేదు, చూసి ఒప్పుకున్నారు. ఒక్క ముక్క అర్థం కాకుండానే ఇది క్యాలెండర్ అని చెప్పగలగడం సారుకు తెగ నచ్చింది.

"కిరాణం షాపుల గోడకున్న క్యాలెండర్ను రోడ్డు మీదికెళ్లి చూస్తే అంకెలు కనబడ్తయా? కనబడవు. అయినా క్యాలెండర్ అని తెలుస్తది గద మాన్‌సింగ్. గట్లనే ఇది" అన్నారు.

మాన్‌సింగ్ అంటే నేను. జనగామలో ఒక బీఎడ్ కాలేజీలో మనస్తత్వ శాస్త్రం బోధిస్తాను. బోధిస్తాను అన్నది జీతం కోసం వాడే మాట. మా విద్యార్థులు ఫీజు కట్టడానికి ఒకసారి, పరీక్షలకు ఒకసారి వస్తారు. మధ్యలో ఖాళీ బెంచీలు, నేను ఒకరినొకరం గమనించుకుంటూ ఉంటాం. పెళ్లి చేసుకోలేదు. మనుషుల మనసుల గురించి తగినంత చదివితే మనుషులతో పని ఉండదని చాలా ఏళ్లు నమ్మాను. ఆదివారాలు రైలెక్కి మహబూబాబాద్, అంటే మా మానుకోట పోయి సారింట్లో కూర్చోవడం మొదలయ్యాక ఆ నమ్మకానికి చిన్న చిల్లు పడింది. దాన్ని కప్పడానికి ఆ ప్రయాణాల్ని నేను పరిశోధన అని పిలుచుకునేవాణ్ని. వయసు మీద పడ్డ మనిషి ఒక భ్రమను ఎలా కట్టుకుంటాడో చూడ్డానికి పోతున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ని. సఫియా బేగం చేసే ఖీమా గురించి ఆ పరిశోధనలో ఎక్కడా లేదు.

సారు నాకు ఒకటి నుంచి ఐదు దాకా చదువు చెప్పారు. బయ్యారం దగ్గర మా తండా బడికి ఆయనే పెద్దసారు, ఆయనే చిన్నసారు, గంట కొట్టేదీ ఆయనే. ఇంట్లో మాది లంబాడీ, ఆయనది దక్కనీ. ఎవరి ఇంటి భాషా కాని తెలుగులో ఆయన చెప్పారు, మేం విన్నాం, అందరం పాసయ్యాం.

ఇక ఆయన పద్ధతి. పలక మీది గుర్తులన్నిటినీ వరుసగా ఒక పొడవాటి కాగితం పట్టీ మీద గీస్తారు. ఇది అంత సులువు కాదు. ఆ లిపిలో ఒక వరుస అయ్యాక పలకను తలకిందులు చేస్తే కానీ తర్వాతి వరుస సరిగ్గా కనబడదు. సారు పలకకు బదులు తన తలను తిప్పుకునేవారు, మెడకు పట్టీ అందువల్లే వచ్చింది. గీయడం అయ్యాక ఆ కాగితం పట్టీని ఒక డబ్బా చుట్టూ, పైనుంచి కిందికి, బొంగరానికి తాడు చుట్టినట్టు చుడతారు. డబ్బా లావు సరిగ్గా కుదిరితే, పదే పదే వచ్చే గుర్తులు ఒకదాని కింద ఒకటి నిలువుగా వరుసకట్టి నిలబడతాయి. అంటే ఆ గుర్తు సమాన దూరాల్లో మళ్లీ మళ్లీ వస్తోందన్న మాట. మళ్లీ మళ్లీ వచ్చేది ఏదైనా క్యాలెండరే అని సారు సిద్ధాంతం. నా బతుకులో మళ్లీ మళ్లీ వచ్చేవి కొన్ని ఉన్నాయి. వాటికి మా పుస్తకాల్లో వేరే పేరు ఉంది.

ఒక్కో పలకకు ఏ లావు కుదురుతుందో ముందే తెలియదు కదా. అందుకని ఇంట్లో ఉన్న అన్ని లావుల డబ్బాలూ ముందుగదిలోకి చేరాయి.

"చూడు బేటా" అనేవారు సఫియా బేగం, నాకు ప్లేటు అందిస్తూ. "పప్పు కవర్ల, చక్కెర గిన్నెల, చాయ్‌పత్తి గిలాసల. డబ్బాలన్నీ మీ సారు చేపలకే."

"ఆమెకు సైన్సు తెల్వది" అనేవారు సారు.

"మీకు పప్పు ఎక్కడున్నదో తెల్వది" అనేవారు ఆమె.

చేపలు అంటే సారు కనిపెట్టిన చేపలు. ఒక పలక మీది గుర్తుల్ని పాత బిస్కెట్ల డబ్బాకు చుడితే, చేప బొమ్మలు ఇంచుమించు ఒకే వరుసలో నిలబడ్డాయి. ఏ కాలంలో ఏ చేపను పట్టాలో చెప్పే పంచాంగం అది అని సారు తేల్చేశారు. ఆయన సముద్రం చూడలేదు. ముళ్లు ఉంటాయని చేప తినరు. శాస్త్రజ్ఞుడికి ఉండాల్సిన నిర్లిప్తత అంతా ఆయనకు ఉంది.

నాకు ఆ వరుసలో చేపలకన్నా సారే ఎక్కువ కనబడేవారు. బడి గంటకు ముప్పై ఏళ్లు బతికిన మనిషికి ఒకరోజు గంట ఆగిపోయింది. అప్పట్నుంచి ఎక్కడ ఏ గంట మోగుతుందా అని వెతుకుతున్నాడు. ఈ విశ్లేషణ నాకు ఎంత నచ్చిందంటే, ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

గొడవ భూపాలపల్లి నుంచి వచ్చింది. సారు కూతురు రుఖయ్యా అక్కడ ఉంటుంది. ఆమె భర్త కైసర్ బొగ్గు గనిలో పనిచేస్తాడు. ఫిబ్రవరిలో ఒకరోజు ఆమె నాకు ఫోన్ చేసింది.

"మాన్‌సింగన్నా, నువ్వు సైకాలజీ సార్‌వి గద. అబ్బాజాన్‌ది పిచ్చా కాదా, జర కాయితం మీద రాసియ్యి."

"రాసిస్తే ఏం చేస్తవ్ చెల్లె?"

"అబ్బాజాన్‌కు చూపిస్త. అమ్మీకి బీపీ ఉన్నది, చక్కెరున్నది. ఇద్దరు ముసలోళ్లు ఆ ఇంట్ల, డబ్బాల నడుమ. మా క్వార్టర్ల ఒక రూము ఖాళీ ఉన్నది, రమ్మంటె రారు. ఎందుకు రారంటె చేపలట. ఏం చేపలన్నా? మానుకోటల ఏం చేపలు?"

నేను కాగితం రాసివ్వలేదు. పిచ్చి కాదని రాస్తే అబద్ధం, పిచ్చి అని రాస్తే నా ఆదివారాలు పోతాయి. ఆ వారం ఆమే వచ్చి తండ్రితో ఒప్పందం కుదుర్చుకుంది. ఈ లిపి పిచ్చి ఉన్నవాళ్లంతా నెలకోసారి ఆన్‌లైన్‌లో కలుస్తారు. మార్చి నెల సమావేశంలో సారు తన డబ్బా పద్ధతి చెప్పాలి. వాళ్లు ఔనంటే రుఖయ్యా మళ్లీ నోరెత్తదు, ఇల్లూ డబ్బాలూ సారువే. కాదంటే డబ్బాలు వంటింట్లోకి, సారు, సఫియా బేగం భూపాలపల్లికి.

"మంజూర్" అన్నారు సారు వెంటనే. తనను కాదనే మనిషి ఈ భూమ్మీద ఉంటే అది సఫియా ఒక్కతే అని ఆయన లెక్క.

ఆ సమావేశాలు నడిపేది ఇసబెల్ అనే పెద్దావిడ. చిలీలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. సారు పంపిన ఫొటోలన్నీ చూసి మర్యాదగా జవాబు రాశారు. మీ డబ్బా ఎక్కడ చూసినా క్యాలెండరే చూపిస్తుందేమో అని మా అనుమానం. కాబట్టి మీ ఊళ్లోనిదే, క్యాలెండర్ కానిది ఏదైనా తీసుకుని దానికీ ఇలాగే చుట్టండి. అక్కడ ఏ వరుసా రాకపోతే మీ పద్ధతిని నమ్మవచ్చు. ఇదీ ఆమె పెట్టిన పరీక్ష.

"క్యాలెండర్ కానిదంటె ఏం తీసుకుందాం?" అన్నారు సారు. అని, నేను నోరు తెరవకముందే ఆయనే తేల్చారు. "పుట్టుకలు! పిల్లలు ఎప్పుడు పుడ్తరో ఎవరికెరుక? మా తండా పిల్లల పుట్టిన తారీఖులు తీసుకుందాం. రోజుకో మిల్లీమీటరు లెక్కన పట్టీ గీసి, పుట్టిన రోజు కాడ చుక్క పెడదాం. సంవత్సరమంత చుట్టుకొలత ఉన్న డబ్బాకు చుడదాం. చుక్కలు చెల్లాచెదురుగ వస్తయి. ఇసబెల్ మేడమ్ ఖుష్."

నేను ప్లేటు కింద పెట్టేశాను.

ఇక్కడ తెలియనివాళ్ల కోసం ఒకటి చెప్పాలి. మా తండాలో మా వయసువాళ్లందరం జూన్ ఒకటిన పుట్టాం. అన్నలు, తమ్ముళ్లు, అక్కలు, పక్కింటివాళ్లు, ఏడాది వేరైనా తారీఖు అదే. జూన్‌లో బడి తెరుస్తారు, ఒకటో తరగతిలో చేరాలంటే ఐదేళ్లు నిండాలి, జూన్ ఒకటి అని రాస్తే నిండినట్టే. అలా రాసింది ఎవరో కాదు, ఫకీర్ అహ్మద్ సారే. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఏటా ఆ రోజు అందరూ అందరికీ శుభాకాంక్షలు చెప్పుకుంటారు. వంతుల ప్రకారం ఒకరు కేకు కొని ఫొటో పెడతారు. కేకు మీద పేరు రాయించరు, చోటు చాలదు.

"పుట్టిన తారీఖులు వద్దు సార్" అన్నాను.

"ఎందుకు వద్దు?"

"అవి... మీరే రాసిన్రు గద సార్."

"రాసిన. ఊకె రాసిన్నా? ఒక్కొక్క తల్లిని బడి అరుగు మీద కూసోబెట్టి అడిగిన. మీ అమ్మ సుక్కిని గూడ అడిగిన. అడిగి రాసిన."

ఆయన కళ్లలో ఎక్కడా బొంకు లేదు. అరుగు గుర్తుంది, తల్లులు గుర్తున్నారు, అడగడం గుర్తుంది. రాసిందేమిటో మాత్రం గుర్తు లేదు. జ్ఞాపకం అంతే, మనం మంచిగా కనబడిన భాగం ఉంచుకుని మిగతాది చెత్తలో వేస్తుంది. ఇది నేను ఖాళీ బెంచీలకు చాలాసార్లు చెప్పిన పాఠం. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పడం రాలేదు.

దానికి బదులు ఒక తెలివైన పని చేశాననుకున్నాను. "చుక్కలు పెట్టేవాడు వేరు, చుట్టేవాడు వేరు ఉండాలి సార్. అప్పుడే పరీక్ష నిష్పక్షపాతంగా ఉంటుంది. పట్టీ నేను గీసుకొస్త" అన్నాను. సారు పొంగిపోయారు. తన శిష్యుడు శాస్త్రం మాట్లాడుతున్నాడని. శిష్యుడు మోసానికి చోటు చూసుకుంటున్నాడు.

జనగామ గదిలో గ్రాఫ్ కాగితాలు అంటించి పట్టీ తయారుచేశాను. మర్యాద కోసం గ్రూపులో పుట్టిన తారీఖులు అడిగాను. "ఏందన్నా, లోన్ ఇప్పిస్తున్నవా?" అని ఒకరు, "గిదేం సవాల్ భయ్యా, అందరిది ఒకటే, సంవత్సరం చూసుకో" అని నా తమ్ముడు ప్రేమ్‌సింగ్ జవాబిచ్చారు.

పెన్సిల్ పట్టుకుని చుక్కల్ని ఏడాదంతా చెదరగొట్టడానికి కూర్చున్నాను. సారు ఇల్లు నిలబడుతుంది, సఫియా బేగం అక్కడే ఉంటారు, నా ఆదివారాలూ ఉంటాయి. కొన్ని చుక్కలే కదా. కానీ చెదరగొట్టడం మనిషికి చేతకాదు. ఒకటి ఇక్కడ పెడితే చెయ్యి తర్వాతిది కొంచెం ఎడంగా, మళ్లీ కొంచెం ఎడంగా పెడుతుంది. చూస్తే బంతిచెట్లు నాటినట్టు వచ్చింది. రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టాను. ఈసారి మా బడి కోపిష్టి లక్ష్మాకు నడివేసవి, ఎప్పుడూ జలుబుతో ఉండే కాళికి డిసెంబరు ఇస్తున్నానని గమనించాను. ఇంకోసారి తుడిస్తే కాగితం చిరిగేలా ఉంది. విసుగొచ్చి అన్ని చుక్కలూ జూన్ ఒకటిన పెట్టేసి పడుకున్నాను. దీన్ని నిజాయితీ అని ఎవరైనా పొరబడితే నాకు అభ్యంతరం లేదు.

సమావేశం ఆదివారం సాయంత్రం. సారు పెళ్లిళ్లకు వేసుకునే షేర్వాణీ తొడుక్కుని, మెడపట్టీ తీసేసి కూర్చున్నారు. లాప్‌టాప్ ముందు పెద్ద నెయ్యి డబ్బా. ఏడాదంత చుట్టుకొలత దానిదే. తెర మీద ఇసబెల్, ఇంకో పదిహేను మంది తెల్ల జుట్లు. ఒక గడిలో భూపాలపల్లి నుంచి రుఖయ్యా, తీర్పు వినడానికి. వంటింటి గుమ్మంలో సఫియా బేగం, డబ్బాల మీదే కళ్లు.

సారు తన ఇంగ్లీషులో బిస్కెట్ల డబ్బా గురించి, చేపల గురించి చెప్పారు. బాగా చెప్పారు. ఒకరిద్దరు తలలూపారు. తర్వాత నా పట్టీ విప్పి, చూడకుండా, కళ్లు మూసుకున్నంత భక్తిగా నెయ్యి డబ్బాకు చుట్టారు. చుట్టడం అయ్యాక డబ్బాను కెమెరా ముందుకు తిప్పారు.

చుక్కలు. ఒకదాని కింద ఒకటి, నిట్టనిలువుగా, చీమలబారులా. ఒక్కటీ పక్కకు జరగలేదు.

సారు డబ్బా వంక చూస్తున్నారు. నేను ఆయన మెడ వంక చూస్తున్నాను. అయిపోయింది, భూపాలపల్లి అనుకున్నాను. అప్పుడు ఇసబెల్ కళ్లజోడు సవరించుకుని, ఊహించనిది అన్నారు. ఇది అద్భుతం, మీరు క్యాలెండర్ కాదనుకున్న చోట కూడా ఒక క్యాలెండర్ దొరికిందే! మీ తండాల్లో పుట్టుకలకు సంబంధించిన పండుగ ఏదైనా ఉందా? ఉంటే మీ పద్ధతి తప్పు కాదు, మనకు తెలియనిదాన్ని కూడా కనిపెట్టిందన్న మాట. జర్మనీ నుంచి ఒకాయన వేళ్ల మీద తొమ్మిది నెలలు వెనక్కి లెక్కపెట్టి, సెప్టెంబరు మొదట్లో అక్కడ ఏం జరుగుతుందని ఎంతో మర్యాదగా అడిగాడు.

"మా మాన్‌సింగ్ ఆ సమాజం మనిషే" అన్నారు సారు, ఇంకా డబ్బా మీంచి కళ్లు తీయకుండా. "వాడు చెప్తడు. లే మాన్‌సింగ్."

లేచి నిలబడ్డాను. నలభై నాలుగేళ్ల వాణ్ని, చేతులు వాటంతట అవే కట్టుకున్నాయి.

"ఉంది" అన్నాను. ఒక్క మాటతో సారు ఇల్లు నిలబడిపోయింది. అక్కడితో ఆగవచ్చు. కానీ అబద్ధం మొదలుపెట్టినవాడికి దాని మీద ప్రేమ పుడుతుంది. సెప్టెంబరులో మొక్కజొన్న కంకి పాలు పోసుకుంటుందని, అడవి పందుల్ని తోలడానికి దంపతులు చేలల్లో మంచెల మీద పడుకుంటారని, అది మా పూర్వీకులు పెట్టిన వ్రతమని, జూన్‌లో తొలకరికి పుట్టిన పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి వానకు పాట పాడతారని చెప్పాను. జర్మనీ ఆయన రాసుకుంటున్నాడు. ఇసబెల్ చెయ్యి గుండె మీద పెట్టుకున్నారు. భూపాలపల్లి గడిలో రుఖయ్యా నోరు తెరుచుకుని చూస్తోంది. మా జాతికి లేని ఒక పండుగను నేను కట్టేస్తున్నాను, అది నాకే నచ్చుతోంది, నాకూ ఒక పుట్టినరోజు ఉన్నట్టు అనిపిస్తోంది.

"తప్పు" అన్నారు సారు.

తలెత్తి నన్ను చూశారు. లెక్కలో ఎక్కం తప్పినప్పుడు చూసే చూపు అది.

"తప్పు చెప్తున్నవ్ మాన్‌సింగ్. కూసో."

కూర్చున్నాను.

ఆయన తెర వైపు తిరిగి ఇంగ్లీషులో నిదానంగా చెప్పారు. పండుగ ఏమీ లేదు. ఆ తారీఖులు నేను వేసినవి. పిల్లలు ఎప్పుడు పుట్టారో తల్లులు చెప్పారు, కానీ బడిలో చేర్చుకోవడానికి నాకు ఒక తారీఖు కావాలి, అందుకని అందరికీ ఒకటే రాశాను. ఇప్పుడు డబ్బా మీద చూసేదాకా నాకే గుర్తు లేదు. ఈ వరుస ఆ పిల్లలది కాదు, నాది.

ఇంత తెలివితక్కువ నిజం ఆ షేర్వాణీలోంచి వస్తుందని నేను అనుకోలేదు. ఆయన ఏ విలువల కోసమో ఆ పని చేశారని చెప్పను. శిష్యుడు తప్పు జవాబు చెబుతుంటే నోరు మూసుకుని కూర్చోవడం ఆయనకు ఎన్నడూ అలవాటు లేదు, అంతే.

ఇసబెల్ చాలా దయగా మాట్లాడారు. మీ డబ్బా మళ్లీ మళ్లీ వచ్చేదాన్ని పట్టుకుంటుంది కానీ అది రుతువుదో రాసినవాడిదో చెప్పలేదు, కాబట్టి చేపల విషయం ప్రస్తుతానికి ఒప్పుకోలేం అన్నారు. నాలుగు చప్పట్ల బొమ్మలు తెర మీద ఎగిరాయి. జర్మనీ ఆయన రాసుకున్నది కొట్టేస్తున్నట్టు కనబడింది. తర్వాతి వక్త గొంతు సవరించుకుంటుండగా రుఖయ్యా మైకు తెరిచింది.

"అబ్బాజాన్, ఎప్పుడొస్తున్నరు?"

పసిఫిక్ పండితులందరూ ఆ ప్రశ్న విన్నారు. భాష తెలియకపోయినా భావం అందినట్టే ఉంది, అందరూ కళ్లు దించుకున్నారు.

సఫియా బేగం ఆ రాత్రికే పప్పును డబ్బాలోకి మార్చారు. "జిగురు వాసన కొడ్తున్నది" అని గొణిగారు కానీ, బిస్కెట్ల డబ్బాను మాత్రం ముట్టుకోలేదు. సారు దాన్నే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను కుప్పకూలిన మనిషిని ఓదార్చడానికి కావలసిన వాక్యాలు మనసులో వరుసపెట్టుకుంటున్నాను. మా పుస్తకాల్లో అవి మంచి మంచివి ఉన్నాయి.

"ఈ చేపలన్నీ ఒకటే వరుసల ఎందుకున్నయో తెలుసా మాన్‌సింగ్?" అన్నారు సారు.

"ఎందుకు సార్?"

"అక్కడ గూడ ఒక పెద్దసారు ఉండె. ఒక్కొక్కల్ని కూసోబెట్టి అడిగిండు. ఏ చేప, ఎప్పుడు, ఎట్ల అని. వాళ్లు ఏమేమో చెప్పిన్రు. అంతా ఇన్నడు. ఇని, చెక్క చిన్నగున్నదని అన్నిటికీ ఒకటే చేప గీకిండు."

"ఇది కొత్త సిద్ధాంతమా సార్?"

"సిద్ధాంతం కాదురా. నాకు తెలుసు ఆయన."

ఆయన ముఖంలో దుఃఖం వెతికాను. వృత్తిరీత్యా వెతకాలి. బంధువు దొరికిన మనిషిలా ఉన్నారు. నా వాక్యాలు నా దగ్గరే ఉండిపోయాయి.

ఒప్పందం ఒప్పందమే. సామాన్లు కట్టే ముందు మాత్రం ఒక రోజు కావాలన్నారు. మర్నాడు ఇద్దరం ఆటోలో బయ్యారం మీదుగా మా తండాకు పోయాం. మా యాడి, అంటే మా అమ్మ సుక్కి, వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. పక్కింటి చంద్రి సాయం చేస్తోంది. సారును చూసి యాడి లేచి, కొంగు సవరించుకుని, కుర్చీ వేసింది.

"సుక్కీ, మాన్‌సింగ్ ఎప్పుడు పుట్టిండు?" అన్నారు సారు, కుశలం కూడా అడగకుండా.

"చెప్పిన గద సారూ."

"ఎప్పుడు చెప్పినవ్?"

"బడి కాడ, వాణ్ని తోలుకొచ్చిన నాడు. నువ్వు అడిగినవ్, నేను చెప్పిన. రాసుకోలె?"

సారు నా వైపు చూడలేదు. "మల్ల చెప్పు" అన్నారు, పెన్ను తీసి.

"ఇగో, గిప్పుడే. గీ పూలు రాలుతుండె. తెల్లారకముందు ఏరనీకె పోయిన, ఆడనే నొప్పులచ్చినయి. పూల గంపల ఏసుకొని తెచ్చిన్రు వీణ్ని."

వాకిలంతా ఇప్పపూల తీపి వాసన. ఇంత వయసొచ్చి, మనసు మీద ఇన్ని పుస్తకాలు చదివి, నేను ఒక గంపలోంచి వచ్చానని మొదటిసారి విన్నాను. వంగి గుప్పెడు పూలు చేతిలోకి తీసుకున్నాను. ఇలాంటిదానికి మా శాస్త్రంలో పేరుంది, ఆ క్షణాన గుర్తు రాలేదు. నా పుట్టినరోజు ఈ రోజే కావచ్చు, నిన్న కావచ్చు అనుకున్నాను.

"ఏ సుక్కీ, గంపల తెచ్చింది మీ ప్రేమ్‌సింగ్‌ను గాదె?" అంది చంద్రి. "మాన్‌సింగ్ అప్పుడు వాగు పొంగుకచ్చింది. మంత్రసాని అవుతల దిక్కు ఆగిపోయింది."

యాడి పూలు తిప్పే చెయ్యి ఆగింది. నన్ను చూసింది. ఆకాశం చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"ఔనా? గంప... వీనిదా, వానిదా?"

"వానిదే."

"నీకేమెరుక, నా కొడుకులు. గంప వీనిదే." మళ్లీ పూలు తిప్పుతూ, "వాగు గూడ వచ్చింది మరి" అంది.

సారు రెండూ రాసుకున్నారు. ఒక పేరు, రెండు కాలాలు. ఆ సాయంత్రం దాకా ఇంటింటికీ తిరిగారు. మిరపకాయ ఏరేటప్పుడు, పెద్ద ఎద్దు చచ్చిన వారం, తీజ్ పండుగ బుట్టల్లో గోధుమ మొలకెత్తిననాడు, మేస్త్రీ పని నుంచి మగడొచ్చిన తెల్లారి. ఏ ఇద్దరు తల్లులూ ఒకే మాట చెప్పలేదు, ఏ ఒక్క తల్లీ ఒకే మాట మీద నిలబడలేదు. తిరుగు ఆటోలో ఆయన ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని అన్నారు, "చూసినవా, దేనికీ ఏది కలుస్తలేదు. గిట్లుంటది అసలుది."

వారంలో వాళ్లు భూపాలపల్లికి వెళ్లిపోయారు. సఫియా బేగం అన్ని డబ్బాల్లోనూ సామాన్లు సర్దుకుని తీసుకుపోయారు, నెయ్యి డబ్బా మాత్రం ఖాళీగా సారు చేతికిచ్చారు. జనగామ నుంచి భూపాలపల్లికి రైలు లేదు. వరంగల్‌లో బస్సు మారి, ఒళ్లు హూనం చేసుకుని, సగం రోజు పోతే కానీ ఖీమా దొరకదు. నాలుగు ఆదివారాలు పోయాను. దీన్ని ఇక పరిశోధన అనలేకపోతున్నాను.

ఐదో వారం రుఖయ్యా ఫోన్ చేసింది.

"అన్నా, నీ సారు మా కాలనీల ముసలమ్మలందర్నీ పట్టుకొని మీ కొడుకు ఎప్పుడు పుట్టిండని అడుగుతుండు. మా అత్తను గూడ అడిగిండు. కైసర్ గనిల అడుగువెట్టేటప్పుడు చెప్పిన తారీఖు తప్పట. మా అత్తకు ఇప్పుడు రెండు కథలు యాదికొచ్చినయి, ఏది కొడుకుదో తెలుస్తలేదని ఏడుస్తున్నది. ఇది పిచ్చేనా కాదా?"

"ముందటిదానికన్న ఎట్లున్నది?"

"డబ్బాలైతే ముడుతలేడు. ఇంట్ల ఉంటలేడు, కాలనీ అంత దోస్తులైన్రు."

"అయితె నయమైతున్నది చెల్లె" అన్నాను. అవతల ఆమె నా డిగ్రీల గురించి ఏదో అంది, సిగ్నల్ సరిగ్గా లేదు.

జూన్ ఒకటి వచ్చింది. ఆ ఏడు కేకు వంతు నాది. ముందు రోజే జనగామలో కొని గదిలో పెట్టుకున్నాను. బేకరీలో పేరేం రాయాలని అడిగితే, ఎప్పటిలాగే ఏమీ వద్దన్నాను. పొద్దున్నే ఫొటో తీసి గ్రూపులో పెట్టేలోపు సారు సందేశం వచ్చింది. ఆయన ఆ గ్రూపులో ఉన్నారన్న సంగతే అందరం మరిచిపోయాం.

"ఈ రోజు ఎవరి పుట్టినరోజూ కాదు. నేను తప్పు రాసిన. అందరూ ఎవరి పని వాళ్లు చూసుకోండి. ఇట్లు, మీ పెద్దసారు."

ముందుగా ప్రేమ్‌సింగ్ రాశాడు.

"థాంక్యూ సార్. సేమ్ టు యూ."

దాని కింద వరుసగా, ఒకదాని కింద ఒకటి, అందరూ అదే రాశారు. నేను ఫొటో పెట్టలేదు. కాలేజీకి సెలవులు, బెంచీలు కూడా ఎదురుగా లేవు. ఆ రోజు నా పుట్టినరోజు కాదని ఖాయంగా తెలిసింది. కేకు కోసుకుని ఒక్కణ్నే తిన్నాను. కొంచెం గంప గురించి, కొంచెం వాగు గురించి ఆలోచిస్తూ, రెండో ముక్క కూడా తిన్నాను.